ఇంటి ఫైబర్ నుంచి బిల్లుల మెయిళ్ళు పోవడం లేదు. స్టాటిక్ ఐపీ కొనాలా, వేరే దారి ఉందా?

పసుపులెక్కలు (దుగ్గిరాల):

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. ఇందులో ఏ ముక్క మీకు పనికొస్తుందో నాకు తెలీదు, అందుకని జరిగింది జరిగినట్టు చెప్తాను.

తెనాలిలో ఒక ఆడిటర్ గారి దగ్గర పందొమ్మిదేళ్ళు పనిచేశాక, ఎనిమిదేళ్ళుగా దుగ్గిరాలలో మా ఇంట్లోనే కూర్చుని ఏడు పసుపు కొట్ల లెక్కలు రాస్తున్నాను. మా యార్డు నుంచి సరుకు ఈరోడ్, సాంగ్లీ వైపు పోతుంది. లారీ కదిలిన రోజే బిల్లు, కాటా చీటీ, డబ్బు వెయ్యాల్సిన బ్యాంకు ఖాతా వివరాలు కలిపి పీడీఎఫ్ చేసి కొన్నవాళ్ళకి మెయిల్ కొట్టాలి. పై నెల 11వ తారీకు లోపల జీఎస్టీఆర్-1 వెయ్యాలి కాబట్టి, బిల్లులో ఏదన్నా తేడా ఉంటే వాళ్ళు ఈలోపే చెప్పాలి. నా పనంతా ఈ మెయిళ్ళ మీదే నడుస్తుంది.

మా కొట్లన్నిటి తరఫున ఒక డొమైన్ కొని, ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర మెయిల్ పెట్టించాం. లెక్కల సాఫ్ట్‌వేర్‌లోంచే బిల్లు సూటిగా ఆ సర్వర్ ద్వారా వెళ్ళేట్టు ఎనిమిదేళ్ళ కిందట ఒక అబ్బాయి అమర్చి ఇచ్చాడు. పోర్టు 25 (సర్వర్‌లోకి వెళ్ళే తలుపు నంబరు లాంటిది). వెళ్తూ వెళ్తూ ఒక మాట చెప్పాడు, "అమ్మా, ముందు ఇన్‌బాక్స్ ఒకసారి తెరిచి, ఆ తర్వాతే బిల్లులు పంపండి" అని. ఎందుకో నేను అడగలేదు, అతను చెప్పలేదు. కాఫీ పెట్టుకోవడం, ఇన్‌బాక్స్ తెరవడం, బిల్లులు పంపడం, ఇదీ నా రోజువారీ వరస.

జూన్ మొదటి వారంలో పాత ఫోను తీగ కనెక్షన్ తీసేసి ఫైబర్ పెట్టించాను. వేగం బాగుంది, సందేహం లేదు. ఇన్‌బాక్స్‌లోకి మెయిళ్ళు వస్తున్నాయి. బిల్లు పంపబోతే మాత్రం అర నిమిషం తిరిగి తిరిగి, సర్వర్ అందడం లేదని చెప్పి ఆగిపోతోంది. కనెక్షన్ ఇచ్చినవాళ్ళు "నెట్ వస్తోంది కదా మేడమ్, మా వైపు ఏం లేదు" అన్నారు. నాకు నమ్మకం కుదరక, సీపీయూని దుప్పట్లో చుట్టి ఆటోలో పెట్టుకుని తెనాలిలో మా చెల్లెలి ఇంటికి తీసుకెళ్ళాను. వాళ్ళది ఇంకా పాత కనెక్షనే. ఒక్క సెట్టింగు మార్చలేదు, పదకొండు బిల్లులూ పోయాయి. అంటే తేడా కనెక్షన్‌లోనే అని అర్థమైంది. మళ్ళీ వాళ్ళకే ఫోన్ చేస్తే, "స్టాటిక్ ఐపీ తీసుకోండి, నెలకింత కట్టాలి" అన్నారు. అంటే ఎప్పటికీ మారని నెట్ చిరునామా అట.

ఈలోగా మా ఆడిటర్ గారి ఆఫీసులో పనిచేసే ఒక కుర్రాడు, "జీమెయిల్ సర్వర్ పెట్టుకోండి ఆంటీ, ఎక్కడినుంచైనా పోతుంది" అని, నా సొంత జీమెయిల్‌కి పదహారు అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసి సాఫ్ట్‌వేర్‌లో పెట్టాడు. నిజంగానే పోయాయి. నేను సంతోషపడ్డాను. మర్నాడు సాంగ్లీ నుంచి ఫోన్. అక్కడి కొట్టు గుమస్తా గారు గొంతు మార్చి అడుగుతున్నారు: "మీ కొట్టు పేరు మీద ఎవరో జీమెయిల్ నుంచి బిల్లు పంపి, ఖాతా నంబరు ఇచ్చారు. ఇది మీరేనా?" నేను పంపే చిరునామా గడిలో మా డొమైన్ చిరునామానే రాశాను, వాళ్ళకి మాత్రం నా సొంత జీమెయిల్ కనపడింది. ఆయన భయంలో తప్పేమీ లేదు. బిల్లులో ఖాతా నంబరు మార్చి డబ్బు కొట్టేసే మోసాలు అందరూ వింటున్నారు. ఆ లారీ డబ్బు నాలుగు రోజులు ఆగింది. కొట్టు యజమాని ఒక్క మాట అనలేదు గానీ, నాకు ఆ నాలుగు రాత్రులూ నిద్రలేదు. ఇన్నేళ్ళలో నా లెక్క మీద ఎవరూ సందేహపడలేదు.

జీమెయిల్ పద్ధతి ఆపేశాను. హోస్టింగ్ వాళ్ళ వెబ్‌మెయిల్‌ని బ్రౌజర్లో తెరిచి ఒక్కొక్క బిల్లూ అతికించి పంపుతున్నాను. అందులోనూ జీమెయిల్ వాడే ఇద్దరు కొనుగోలుదార్ల నుంచి 550 5.7.26 అని తిరిగొస్తున్నాయి. ఇంతకుముందు అలా రాలేదు. ఆ కుర్రాడు డొమైన్ సెట్టింగుల్లో కూడా గూగుల్ కోసమని ఏదో ఒక వరస చేర్చినట్టు గుర్తు.

ఎక్కడో చదివి పోర్టు 587 కూడా పెట్టి చూశాను. సర్వర్ అందింది! కానీ 535 అని వచ్చింది. పాస్‌వర్డ్ గడిలో నల్ల చుక్కలు అప్పటికే ఉన్నాయి కాబట్టి దాన్ని కదపలేదు. చివరగా, నా ఇంటి ఐపీ చిరునామా వెతికితే, చెత్త మెయిళ్ళు ఆపడానికి జాబితాలు వేసే స్పామ్‌హౌస్ వాళ్ళ పీబీఎల్ అనే జాబితాలో ఉంది. మేం ఎవరికీ చెత్త మెయిళ్ళు పంపలేదు. మా పేరు అందులో ఎందుకుంది?

స్టాటిక్ ఐపీ కొనమంటారా? కంప్యూటర్ విండోస్ 10. ఏం చెయ్యాలో చెప్తే నేను చేసుకోగలను, కంగారు లేదు.

ఇందూరువాసి:

మేడమ్ నమస్తే. మా నిజామాబాద్‌ల మాక్కూడ పసుపు యార్డే, మీ బాధ అర్థమైంది. నేను పోయినేడు స్టాటిక్ ఐపీ తీసుకున్న. పైసలు కట్టినంక కూడ పోర్టు 25 తెరవలే. తిరిగి అడిగితే "అది వేరే, దరఖాస్తు పెట్టుకోండ్రి" అన్నరు. పెట్టుకున్న. మూడు వారాలకు తెరిచిండ్రు. అప్పటికి నేను వేరే తొవ్వ చూసుకున్న. కనెక్షన్ కనెక్షన్‌కు తేడా ఉంటది, కాని కట్టే ముందు 25 తెరుస్తరా లేదా అని రాతపూర్వకంగ అడగండి. పాస్‌వర్డ్ సంగతి తెలిసినోళ్ళు చెప్తరు.

తపాలాసంచి (హైదరాబాద్):

అక్కా, నేను పద్నాలుగేళ్ళుగా మెయిల్ సర్వర్ల పనే చేస్తున్నాను. స్టాటిక్ ఐపీ కొనకండి. మీకు అది అక్కర్లేదు. మీ ఇంటి నుంచే, ఇదే ఫైబర్ మీద, మీ డొమైన్ పేరుతోనే బిల్లులు పోతాయి. మీరు రాసిన వాటిలో నాకు అన్నిటికంటే పనికొచ్చిన ముక్క ఆ అబ్బాయి చెప్పిన "ముందు ఇన్‌బాక్స్ తెరవండి" అన్న మాట. దాని దగ్గరికి వస్తాను.

ముందు 25 సంగతి. రైల్వే తపాలా బండి ఉంటుంది చూడండి, ఆర్‌ఎంఎస్ వాళ్ళది. ఒక ఊరి తపాలా సంచి ఇంకో ఊరికి అప్పగించే తలుపు అది. జనం ఉత్తరాలు ఇచ్చే చోటు పోస్టాఫీసు కౌంటరు. పోర్టు 25 ఆ బండి తలుపు లాంటిది, ఒక మెయిల్ సర్వర్ ఇంకో మెయిల్ సర్వర్‌కి అప్పగించడానికి. 587, 465 కౌంటర్లు, పేరూ పాస్‌వర్డూ చూపించి ఉత్తరం ఇచ్చే చోట్లు. 1982లో ఈ పద్ధతి రాసుకున్నప్పుడు కౌంటరూ లేదు, పాస్‌వర్డూ లేదు. అందరూ బండి తలుపు దగ్గరే ఇచ్చేవాళ్ళు. తర్వాత ఇళ్ళల్లో కంప్యూటర్లు పెరిగాయి, వాటిలోకి పురుగులు దూరాయి. 2003 ఆగస్టులో సోబిగ్-ఎఫ్, 2004 జనవరిలో మైడూమ్ వచ్చాయి. ఇవి మెయిల్ పంపే యంత్రాన్ని తమ కడుపులోనే పెట్టుకుని, ఇంటివాళ్ళకి తెలీకుండా సూటిగా 25 మీద లోకమంతటికీ మెయిళ్ళు కుమ్మరించేవి. అందుకే ఇంటి కనెక్షన్లకి ఆ తలుపు మూసెయ్యడం వాడుకైంది. మీ కొత్త కనెక్షన్‌లోనూ అది మూసి ఉంది, పాత దాంట్లో మూయలేదు. అంతే తేడా. కౌంటరు మాత్రం మూయకూడదని 2007లో వచ్చిన ఇంటర్నెట్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 5068 గట్టిగానే చెప్పింది. మీకు 587 అందింది కదా, అదే సాక్ష్యం.

ఇప్పుడు ఇన్‌బాక్స్ మాట. ఒకప్పుడు పంపేటప్పుడు పాస్‌వర్డ్ అడిగే వీలు అన్ని సాఫ్ట్‌వేర్లలో ఉండేది కాదు. అందుకని హోస్టింగ్ వాళ్ళు ఒక ఉపాయం పట్టారు. మీరు ఇన్‌బాక్స్ తెరవడానికి పాస్‌వర్డ్ ఇస్తారు కదా, ఆ క్షణాన మీరు ఏ ఐపీ నుంచి వచ్చారో సర్వర్ గుర్తుపెట్టుకుని, తర్వాత కొంతసేపు ఆ ఐపీ నుంచి ఏ మెయిల్ వచ్చినా పాస్‌వర్డ్ అడక్కుండా తీసుకునేది. దీన్ని పాప్ బిఫోర్ ఎస్‌ఎంటీపీ అంటాం. పాప్ అంటే ఇన్‌బాక్స్ తెరిచే పద్ధతి, ఎస్‌ఎంటీపీ అంటే మెయిల్ పంపే పద్ధతి. మీ సర్వర్‌లో అది ఇంకా బతికే ఉన్నట్టుంది. అంటే అక్కా, ఎనిమిదేళ్ళుగా మీ సాఫ్ట్‌వేర్ బిల్లులు పంపేటప్పుడు అసలు పాస్‌వర్డే ఇవ్వలేదు. మీ చెల్లెలి గారింట్లో కూడా మీరు అలవాటు ప్రకారం ముందు ఇన్‌బాక్స్ తెరిచే ఉంటారు.

ఈ పాత ఉపాయం ఫైబర్ మీద ప్రమాదం కూడా. మీ రౌటర్ పేజీ తెరిచి బయటి వైపు ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య దేనితోనైనా మొదలైతే, మీరు ఒక్కరే కాదు, మీ వీధిలో ఎన్నో ఇళ్ళు కలిసి బయటికి ఒకే చిరునామాతో కనపడుతున్నాయని అర్థం. ఆ వరసని 2012లో దీనికోసమే కేటాయించారు. అప్పుడు మీరు ఇన్‌బాక్స్ తెరిస్తే, ఆ కాసేపూ వీధి మొత్తానికీ మీ సర్వర్ తలుపు తీసినట్టే. 25 మూసి ఉండటం ఈ విషయంలో మీకు మేలే చేసింది.

పీబీఎల్ గురించి మనసు కష్టపెట్టుకోకండి. అది నేరస్తుల జాబితా కాదు. "ఈ ఐపీలు ఇళ్ళవి, వీటినుంచి సూటిగా సర్వర్లకి మెయిల్ రాకూడదు" అని చెప్పే పట్టిక. చాలా వరసల్ని కనెక్షన్ ఇచ్చే కంపెనీలే అందులో పెట్టిస్తాయి. కౌంటర్లో పాస్‌వర్డ్ ఇచ్చి పంపేవాళ్ళకి దాంతో పని లేదు. తీయించడానికి ప్రయత్నించొద్దు.

535 అంటే పేరో పాస్‌వర్డో తప్పని. ఆ నల్ల చుక్కల మీద నాకు అనుమానం. ఆ గడిని పూర్తిగా చెరిపేసి, ఇన్‌బాక్స్ పాస్‌వర్డే మళ్ళీ చేత్తో కొట్టండి. యూజర్‌నేమ్ దగ్గర @ ముందు భాగం ఒక్కటే కాదు, మొత్తం మెయిల్ చిరునామా ఇవ్వండి. 465 పెట్టగలిగితే అదే పెట్టండి, మొదటి అక్షరం నుంచే గుట్టుగా వెళ్తుంది. 587 అయితే ముందు మామూలుగా పలకరించి, స్టార్ట్‌టీఎల్‌ఎస్ అన్నాక గుట్టులోకి మారుతుంది. ఆ గుట్టు పద్ధతి పేరే టీఎల్‌ఎస్. అలా అయితే "టీఎల్‌ఎస్ తప్పనిసరి" అన్న గీత పడేట్టు చూడండి, "కుదిరితే" అన్నది వద్దు. బిల్లులో ఖాతా నంబర్లు ఉన్నాయి కదా. ఇన్‌బాక్స్ కూడా 110 మీద ఉంటే 995కి మార్చుకోండి. ఇన్నాళ్ళూ మీ పాస్‌వర్డ్ బట్టబయలుగా పోతూ ఉండుంటుంది.

జీమెయిల్ సర్వర్ సంగతి సరిగ్గా మీరు చూసినట్టే ఉంటుంది. ఎవరి పాస్‌వర్డ్‌తో లోపలికి వచ్చారో వాళ్ళ చిరునామానే పంపినవారి గడిలో పెడుతుంది, మీ డొమైన్ చిరునామాని ఆ ఖాతాలో ముందే చేర్చి రుజువు చేసుకుంటే తప్ప. అలా చేర్చుకోమని కూడా నేను మీకు చెప్పను. మీ డొమైన్ తరఫున పూచీ ఇవ్వాల్సింది మీ డొమైన్ సర్వరే. సాంగ్లీ గుమస్తా గారు అడిగిన ప్రశ్నని ఆయన మెయిల్ సర్వర్ కూడా అడుగుతుంది, "ఇది మీరేనా?" అని. దానికి జవాబు చెప్పేవి రెండు. ఎస్‌పీఎఫ్ అంటే మా తరఫున ఫలానా సర్వర్లు మాత్రమే పంపుతాయని డొమైన్‌లో రాసి పెట్టే వరస. డీకేఐఎం అంటే ప్రతి మెయిల్ మీదా మీ సర్వర్ వేసే ముద్ర. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కి పంపే ప్రతివాళ్ళకీ వీటిలో కనీసం ఒకటి సరిగ్గా ఉండాలి.

మీ 550 5.7.26 ఇక్కడిదే. ఎస్‌పీఎఫ్ వరస ఒక డొమైన్‌కి ఒక్కటే ఉండాలి. రెండుంటే ఏదీ లేనట్టే లెక్క, తప్పు అని కొట్టేస్తారు. ఆడిటర్ గారి ఆఫీసు కుర్రాడు గూగుల్ కోసం రెండో వరస చేర్చాడని నా అంచనా. డొమైన్ సెట్టింగుల్లో టీఎక్స్‌టీ రికార్డుల్లో v=spf1 అని మొదలయ్యేవి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, గూగుల్ ఉన్నదాన్ని తీసెయ్యండి. తర్వాత హోస్టింగ్ ప్యానెల్లో డీకేఐఎం ఆన్ చేసి, అది ఇచ్చే పొడుగాటి తాళాన్ని డీఎన్‌ఎస్‌లో (అదే, ఆ డొమైన్ సెట్టింగుల్లో) ఒక్క అక్షరం పోకుండా అతికించండి. నాలుగైదు గంటలు ఆగి, మీ జీమెయిల్‌కే ఒక బిల్లు పంపుకుని, మూడు చుక్కలు నొక్కి "ఒరిజినల్ చూపించు" తెరవండి. పైన ఎస్‌పీఎఫ్, డీకేఐఎం ఎదురుగా పాస్ అని ఉండాలి.

డాలస్ తెలుగు:

తపాలాసంచి గారు చెప్పింది అక్షరాలా నిజం. ఇక్కడ అమెరికాలో కూడా ఇళ్ళకి 25 మూసే ఉంటుంది, నేను వచ్చిన కొత్తలో ఇంట్లోనే సర్వర్ పెట్టాలని చూసి ఆర్నెల్లు ఖర్చుపెట్టుకున్నాను. ఒక్క జాగ్రత్త చేర్చాలనిపించింది అక్కా. 465 మీద మొదటిసారి పంపేటప్పుడు "సర్టిఫికెట్ పేరు కలవలేదు" అని హెచ్చరిక వస్తే సరే కొట్టి ముందుకెళ్ళొద్దు. సర్వర్ పేరు గడిలో మీ డొమైన్ పేరు పెట్టి ఉంటే అలా వస్తుంది. హోస్టింగ్ వాళ్ళు చెప్పే అసలు సర్వర్ పేరు అడిగి పెట్టండి. సాఫ్ట్‌వేర్ మరీ పాత వెర్షన్ అయితే టీఎల్‌ఎస్ 1.2 రాక ఏ పోర్టు పెట్టినా ఊరికే తెగిపోతుంది. మా నాన్నగారి పాత స్కానర్ అలాగే మొండికేసింది. మీది కొత్తదైతే ఆ బాధ ఉండదు.

పసుపులెక్కలు (దుగ్గిరాల):

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి కూర్చుని ఒక్కొక్కటీ చేశాను, ఏం కనపడిందో చెప్తాను.

రౌటర్ పేజీలో బయటి ఐపీ 100.84 తో మొదలైంది. మీరు చెప్పింది చదివాక గుండె ఝల్లుమంది. ఇన్నేళ్ళూ ఇన్‌బాక్స్ తెరిచాక పంపమన్నది మంచి అలవాటని మా అమ్మాయికి కూడా నేర్పాను.

నల్ల చుక్కల దగ్గర ఆగిపోయాను కాసేపు. చుక్కలు ఎనిమిది ఉన్నాయి. నా పాస్‌వర్డ్ పదమూడు అక్షరాలు. 2021లో హోస్టింగ్ వాళ్ళు మార్చమంటే మార్చాను, ఇన్‌బాక్స్ వైపు మార్చాను, ఇటువైపు ఎవరికీ గుర్తు లేదు. అంటే ఆ ఎనిమిది చుక్కలూ ఆ అబ్బాయి మొదటిరోజు పెట్టిన పాస్‌వర్డ్. పంపేటప్పుడు దాన్ని ఎవరూ ఎప్పుడూ అడగలేదు కాబట్టి తప్పయినా అలాగే కూర్చుని ఉంది. గడి చెరిపి, పదమూడు అక్షరాలూ కొట్టి, యూజర్‌నేమ్ దగ్గర మొత్తం చిరునామా ఇచ్చి 465 పెట్టాను. డాలస్ గారు చెప్పిన హెచ్చరిక వచ్చింది. సరే కొట్టబోయిన వేలు ఆపుకుని హోస్టింగ్ వాళ్ళ సహాయం పేజీలో సర్వర్ పేరు వెతికి పెట్టాను. రెండు సెకన్లలో పోయింది. అర నిమిషం తిరిగే చక్రానికి అలవాటుపడి, పోయిందని నమ్మడానికే కొంచెం సేపు పట్టింది.

ఎస్‌పీఎఫ్ వరసలు రెండే ఉన్నాయి, మీరన్నట్టే ఒకదాంట్లో గూగుల్ ఉంది. తీసేశాను. డీకేఐఎం తాళం అతికించేటప్పుడు ప్యానెల్ దాన్ని రెండు ముక్కలుగా చూపించింది, మధ్యలో కొటేషన్ గుర్తులతో. మొదటిసారి ఒక ముక్కే పెట్టి ఫెయిల్ తెచ్చుకున్నాను, రెండోది కూడా కలిపి పెడితే పొద్దున్నకి పాస్ అయింది. ఇది ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను.

ఈ పొద్దు ఇరవై మూడు బిల్లులు ఇంట్లోంచే పంపాను. జీమెయిల్ వాళ్ళిద్దరికీ అందాయి. సాంగ్లీ గుమస్తా గారికి ముందు ఫోన్ చేసి, ఇకమీద మా బిల్లు మా డొమైన్ నుంచే వస్తుంది, వేరే చిరునామా నుంచి వస్తే ఎంత తొందరున్నా డబ్బు వెయ్యకుండా నాకు ఫోన్ చెయ్యండి అని చెప్పాను. ఆయన ఖాతా నంబరు చివరి నాలుగు అంకెలు నా చేత పైకి చదివించుకుని, తన దగ్గరున్న పాత బిల్లుతో సరిచూసుకుని అప్పుడు సరే అన్నారు. ఆయన అలా అడిగినందుకు నాకు ఎంతో ధైర్యం కలిగింది.

ఒక్కటి మిగిలింది. ఈరోడ్‌లో ఒక కొట్టు వాళ్ళ సొంత సర్వర్ నుంచి తిరిగొచ్చింది, అందులో మళ్ళీ పీబీఎల్ అని, నా ఇంటి ఐపీ అని ఉంది. పాస్‌వర్డ్ ఇచ్చి కౌంటర్లోనే ఇచ్చాను కదా తమ్ముడూ, మరి ఇదెందుకు?

తపాలాసంచి (హైదరాబాద్):

శభాష్ అక్కా. డీకేఐఎం రెండు ముక్కల సంగతి చాలామందిని ఏడిపిస్తుంది, అది రాసి మంచి పని చేశారు.

ఈరోడ్‌లో తప్పు మీది కాదు, వాళ్ళ సర్వర్ అమరికది. మెయిల్‌తో పాటు ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో రాసే రిసీవ్డ్ వరసలు ఉంటాయి, తపాలా ముద్రల్లాగా. అన్నిటికంటే అడుగున మీ ఇంటి ఐపీ ఉంటుంది. పీబీఎల్‌తో పోల్చాల్సింది తలుపు దగ్గర చివరగా అప్పగించిన ఐపీని మాత్రమే, అంటే మీ హోస్టింగ్ సర్వర్‌ని. వాళ్ళు అడుగు ముద్ర దాకా తవ్వి దానితో పోలుస్తున్నారు. అలా చెయ్యొద్దని స్పామ్‌హౌస్ వాళ్ళే చెప్తారు. తిరిగొచ్చిన మెయిల్ మొత్తం వాళ్ళ కంప్యూటర్ చూసే మనిషికి పంపి, "పీబీఎల్‌ని కనెక్ట్ అయిన ఐపీకే వాడండి, హెడర్లలోని ఐపీలకి వద్దు" అని ఒక్క ముక్క రాయండి. వాళ్ళు ఆలస్యం చేస్తే, మీ హోస్టింగ్ వాళ్ళని పాస్‌వర్డ్ ఇచ్చి పంపిన మెయిళ్ళలో ఇంటి ఐపీ వరస తీసెయ్యగలరా అని అడగండి. కొందరు చేస్తారు. ఈలోగా ఆ ఒక్క కొట్టుకీ వెబ్‌మెయిల్ నుంచి పంపి చూడండి.

పసుపులెక్కలు (దుగ్గిరాల):

వెబ్‌మెయిల్ నుంచి అందింది. మీ వాక్యాన్ని ఉన్నదున్నట్టు వాళ్ళకి పంపాను, అరవంలోకి మార్చి ఫోన్లో కూడా చెప్పించాను. వాళ్ళ కంప్యూటర్ మనిషి సోమవారం వస్తాడట. హోస్టింగ్ వాళ్ళకి కూడా రాసి, ఆ పాప్ ఉపాయాన్ని మా డొమైన్‌కి పూర్తిగా ఆపెయ్యమని అడిగాను. ఏ జవాబు వచ్చినా ఇక్కడే రాస్తాను.